కెర్నెల్‌లో మెమరీ కాపీ: క్యాష్ గుండానా, క్యాష్‌ను దాటేసా?

మెమరీలో డేటాను ఒకచోటి నుంచి మరోచోటికి కాపీ చేయడానికి ఎక్స్86 (ఇంటెల్, ఏఎమ్‌డీ తరహా) ప్రాసెసర్ల మీద కెర్నెల్‌కు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగానికి, ఉన్నవి రెండు దారులు: క్యాష్ (ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీ) గుండా వెళ్లడం, లేదా దాన్ని దాటేయడం.

మామూలు కాపీలో డేటా క్యాష్ గుండా వెళ్తుంది. 4096 బైట్ల పేజీని కాపీ చేసి వెంటనే ప్రోగ్రాముకు అందించాలంటే ఇదే మేలు. చదవబోయే డేటా దగ్గర్లోనే సిద్ధంగా ఉంటుంది. 2012 నాటి ఇంటెల్ ఐవీ బ్రిడ్జ్ నుంచి ‘రెప్ మూవ్‌ఎస్‌బీ’ అనే ఒక్క ఇన్‌స్ట్రక్షన్ ఈ పనిని వేగంగా చేసిపెడుతోంది. మరీ చిన్న కాపీలకు మాత్రం దాని ప్రారంభ ఖర్చే బరువు.

అసలు చిక్కు పెద్ద కాపీలతో. గమ్యం క్యాష్‌లో లేకపోతే, మామూలు స్టోర్ (మెమరీలో రాసే పని) కోసం ప్రాసెసర్ ముందుగా 64 బైట్ల లైనును, అంటే క్యాష్ ఒక్కసారిగా తెచ్చుకునే ముక్కను, మెమరీ నుంచి తెచ్చుకుంటుంది. తెచ్చేది మరుక్షణం చెరిపేయబోయే పాత డేటాను! పైగా అంతవరకూ పనికొస్తున్న లైన్లు బయటికి పోతాయి.

రెండో దారి ‘మూవ్‌ఎన్‌టీఐ’ ఇన్‌స్ట్రక్షన్‌ది. క్యాష్‌ను దాటేసి మెమరీలో రాసే ఈ స్టోర్లు ఆ రెండు బెడదలనూ చాలావరకు తప్పిస్తాయి. అవి సాధారణ రిజిస్టర్లతోనే నడుస్తాయి కనుక ఫ్లోటింగ్ పాయింట్ స్థితిని (దశాంశ లెక్కల రిజిస్టర్లలోని విలువలను) భద్రపరిచే పనీ ఉండదు. అయితే ఆ రాతలు తర్వాతి రాతల కంటే ముందే పూర్తయ్యేలా చూసే ‘ఎస్‌ఫెన్స్’ ఇన్‌స్ట్రక్షన్‌ను చివర పెట్టాలి. ఆ డేటాను వెంటనే చదివితే మెమరీ దాకా వెళ్లక తప్పదు.

ఉమ్మడి క్యాష్‌లో పెద్ద భాగాన్ని మించే కాపీలకే నేను రెండో దారి పడతాను. ఆ హద్దును కోడ్‌లో స్థిర సంఖ్యగా రాయడం నాకు నచ్చదు. బూట్ సమయంలో క్యాష్ పరిమాణం తెలుసుకుని, దాన్ని ఎన్ని కోర్లు పంచుకుంటున్నాయో చూసి నిర్ణయించాలి.