బయటి పట్టీలకు చెక్కా, పీవీసీనా, ఫైబర్ సిమెంటా: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

మా ఇంటి కిటికీల చుట్టూ, చూరు అంచున ఉన్న పట్టీలన్నీ ఒకే రకం కావు. మరమ్మతు వచ్చినప్పుడల్లా ఒక్కో రకం వేయించడంతో పైన్ చెక్క, ఫోమ్ పీవీసీ (లోపల సన్నటి గాలి బుడగలున్న ప్లాస్టిక్ పలక), ఫైబర్ సిమెంట్ (సిమెంట్‌లో నార కలిపి చేసిన పలక) పక్కపక్కనే చేరాయి. మూడింటికీ అదే రంగు, అదే ఎండ, అదే వాన. ఇన్నేళ్లకు తేడా బాగానే తేలింది.

ఎక్కువ ఇబ్బంది పెట్టింది చెక్కే, అయితే అన్నిచోట్లా కాదు. చూరు కింద వాన తగలని పట్టీలు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. పాడైనవల్లా కిటికీ నిలువు పట్టీల అడుగు కొసలు. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే మాత్రం లోపలికి దిగిపోతుంది. చెట్టులో నీళ్లు పైకెక్కే సన్నటి గొట్టాలు పలకను అడ్డంగా కోసిన చోట నోళ్లు తెరుచుకుని ఉంటాయి. అందుకే పక్కల కంటే ఆ కొస ఎన్నో రెట్లు నీళ్లు తాగుతుంది. ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత) కొట్టి అమ్మే పలకైనా సరే, కోసిన క్షణంలో ఆ కొస పచ్చిగా బయటపడుతుంది. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే కుళ్లు పట్టదు. తర్వాత మార్చిన పట్టీలకు కోసిన కొసలన్నిటికీ ప్రైమర్ దట్టంగా పట్టించి, కింద గట్టుకు ఆనకుండా పావు అంగుళం సందు వదిలించాను. ఆ సందును సీలెంట్‌తో (సందులు పూడ్చే పేస్టుతో) మూసేస్తామని పెయింటర్లు ఉత్సాహపడతారు, ఒప్పుకోవద్దు. నీళ్లు ఎటో ఒకవైపు బయటికి పోవాలి కదా! అలా పెట్టినవి ఇప్పటిదాకా చెక్కుచెదరలేదు.

పీవీసీ నీళ్లు పీల్చదు, చెదలు దాని జోలికి రావు. రంగు కూడా చెక్క మీద కంటే ఎక్కువ కాలం నిలిచింది. దాని పేచీ వేడితోనే. చెక్క తేమకు అడ్డంగా ఉబ్బుతుంది, ఇది ఎండకు పొడవునా సాగుతుంది. 3 మీటర్ల పలకకు 30 డిగ్రీల తేడా వస్తే సుమారు 5 మిల్లీమీటర్లు. మా చూరు అంచున ఒక అతుకు మధ్యాహ్నం కనపడనే కనపడదు, చలికాలం పొద్దున్నే చూస్తే గోరు పట్టేంత సందు. పొడవైన వరసలో అతుకులను పీవీసీ జిగురుతో కలిపేసి, సాగడానికి చోటు చివర్లలో వదలాలి. ముదురు రంగు వేస్తే పలక మరీ వేడెక్కి వంకర్లు పోతుంది. ముదురు రంగే కావాలంటే వినైల్ (అంటే పీవీసీయే) కోసం చేసిన పెయింట్ అడగాలి.

రంగు నిలవడంలో నా మార్కులు ఫైబర్ సిమెంట్‌కే. అది పెద్దగా కదలదు కాబట్టి పైన రంగు పొర చిట్లదు. కానీ బరువెక్కువ, పెళుసు. నిచ్చెన తగిలి ఒక మూల పెచ్చు లేచిపోయింది. కోసేటప్పుడు లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, మాస్కు లేకుండా ఎవరినీ కోయనివ్వకండి. దీని కోసిన అంచులకూ ప్రైమర్ తప్పదు.

మామూలు ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలక) బయట అసలు వద్దు, తడికి ఉబ్బిపోతుంది.

మళ్లీ వేయించాల్సి వస్తే నేల దగ్గర, వాన చిమ్మే చోట పీవీసీ, చూరు అంచు వెడల్పు పలకలకు ఫైబర్ సిమెంట్, నీడపట్టున చెక్క పెట్టిస్తాను. ఏది వాడినా అతుకుల్లో మామూలు సిలికాన్ నింపనివ్వకండి. దాని మీద రంగు పట్టదు, ఊడి వస్తుంది. పైన పెయింట్ వేయొచ్చని డబ్బా మీద రాసి ఉన్న యాక్రిలిక్ సీలెంట్ తీసుకోండి.