ఫిగ్మా డెవ్ మోడ్: తెలుగు యాప్‌లకు పనికొస్తుందా?

ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో, గీసిన స్క్రీన్ల కొలతలు, రంగులు డెవలపర్‌కు చూపించే భాగమే డెవ్ మోడ్. 2023లో వచ్చిన ఈ సదుపాయాన్ని విశాఖ రుషికొండ ఐటీ హిల్ మీద యాప్‌లు కట్టే టీములు తీసుకోవచ్చు, డబ్బు దండగ కాదు. డిజైనర్ 'రెడీ ఫర్ డెవ్' (కోడ్ చేయడానికి సిద్ధం) అని గుర్తు పెట్టిన స్క్రీన్లనే డెవలపర్ కోడ్ చేయాలి. తర్వాత డిజైన్‌లో ఏం మారిందో డెవ్ మోడ్ పాతదానితో పోల్చి చూపిస్తుంది. దీని ప్రాణమంతా అక్కడే ఉంది.

కొలతలు, రంగులు సరే. నెట్ పోయినప్పుడు స్క్రీన్ ఎలా ఉండాలో ఎవరూ గీయకపోతే మాత్రం డెవ్ మోడ్ ఏమీ చెప్పజాలదు. యాప్ వాడకం సులువుగా ఉందో లేదో చూసే యూజబిలిటీ నిపుణులు దాన్ని అనోటేషన్‌లో, అంటే డిజైన్ పక్కన పెట్టే నోట్‌లో, రాసి తీరాలి. మన లిపితో మరీ జాగ్రత్త! ఇంగ్లీషుకు సరిపెట్టిన లైన్ హైట్‌లో (ఒక్కో వరుసకు ఇచ్చే ఎత్తులో) 'స్త్రీ', 'రాష్ట్రం' వత్తులు తెగిపోవచ్చు. 16 సైజు అక్షరాలకు 26 లైన్ హైట్ ఇచ్చి చూడండి. బటన్ ఎత్తును ఒకే అంకెకు బిగించేయొద్దు. ఆండ్రాయిడ్‌లో మాత్రం దాన్ని 48 డీపీకి (స్క్రీన్ మీద సైజు కొలిచే యూనిట్) తగ్గనీయొద్దు. ఆర్టీసీ కాంప్లెక్స్ ఎండలో, మామూలు ఫోన్‌లో నలుగురైదుగురి చేత వాడించాకే 'రెడీ ఫర్ డెవ్' గుర్తు పెట్టండి.