ప్రాక్స్‌మాక్స్ మీద మా షాపు సర్వర్: ఆరేళ్ళ వాడకం

విజయవాడ సింగ్ నగర్‌లో మాది మోటార్లు, పైపుల హోల్‌సేల్ వ్యాపారం. 2019లో లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ వాడేవాళ్ళం ఆరుగురం, ఇప్పుడు పద్దెనిమిది మందిమి. ఈ ఆరేళ్ళూ మా సర్వర్ ప్రాక్స్‌మాక్స్ మీదే నడిచింది. ఒకే మెషిన్‌లో వేరువేరు కంప్యూటర్లు ఉన్నట్టు వర్చువల్ మెషిన్లు నడిపే సాఫ్ట్‌వేర్ అది. మధ్యలో ఒక మెషిన్ పోయింది, లెక్కలు పోలేదు. సర్వర్ కొనాలా అని ఆలోచించేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

అంతకుముందు అకౌంటెంట్ గారి కంప్యూటర్‌లోని ఫోల్డర్‌నే అందరం షేర్ చేసుకునేవాళ్ళం. ఆయన మెషిన్ ఆపితే బిల్లింగ్ ఆగేది. గోడౌన్ నుంచి వైఫై మీద ఒక్క లెడ్జర్ తెరవడానికి నిమిషాలు పట్టేది. సర్వర్‌లో విండోస్ వర్చువల్ మెషిన్ పెట్టి, అందరినీ రిమోట్ డెస్క్‌టాప్‌కు మార్చాక ఆ బాధ తీరింది. డేటా సర్వర్‌లోనే ఉంటుంది, మన దగ్గరికి వచ్చేది తెర మీది బొమ్మ మాత్రమే. బయటి నుంచి పనిచేయడానికి రూటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ దారి అయిన 3389 పోర్టును ఇంటర్నెట్‌కు తెరవమని చాలామంది సలహా ఇస్తారు. హ్యాకర్లు ఆ దారిలోనే వస్తారు, ఒక్క రోజుకైనా తెరవకండి. మేం వైర్‌గార్డ్ వీపీఎన్ పెట్టుకున్నాం, అంటే మావాళ్ళు మాత్రమే లోపలికి రాగల రహస్య దారి.

ప్రాక్స్‌మాక్స్‌కు డబ్బు కట్టక్కర్లేదు. సపోర్టు కావాలంటేనే సబ్‌స్క్రిప్షన్. కానీ విండోస్ సర్వర్ లైసెన్సు, దాని మీద ఒక్కొక్కరికీ రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సు విడిగా కొనాలి. మొదటి అంచనాలో రెండోది నేను వేయలేదు. మనుషులు పెరిగేకొద్దీ పెరిగే ఖర్చు అదే. కొనేముందే మూడేళ్ళ తర్వాత ఎంతమంది ఉంటారో లెక్క వేసుకోండి.

మెమరీ విషయంలోనూ ఇబ్బంది పడ్డాను. 32 జీబీ ఉందికదా అని విండోస్‌కు 24 జీబీ ఇచ్చేశాను. డిస్కులు జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మీద ఉన్నాయి. అది అప్పట్లో మామూలు సెట్టింగుతో సగం మెమరీ దాకా తన క్యాష్‌కు, అంటే డిస్కులో చదివినవి దగ్గర ఉంచుకునే జాగాకు, తీసుకునేది. ఒక నెలాఖరున, అందరూ బిల్లులు కొడుతుండగా విండోస్ మెషిన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. క్యాష్‌కు 4 జీబీ హద్దు పెట్టాక మళ్ళీ అలా జరగలేదు. ఇంకొకటి, ఇంట్లో వాడే చవక ఎస్‌ఎస్‌డీలు దీనికి ఆగవు. రెండేళ్ళకే ఒకటి అరిగిపోయింది. అదే డేటా రాసుకునే జత డిస్కు ఉండబట్టి షాపు ఆగలేదు. నెలనెలా రెండో ఆదివారం జెడ్‌ఎఫ్‌ఎస్ తనంతట తానే డిస్కులన్నీ చదివి సరిచూసుకుంటుంది. ఆ తనిఖీలోనే పాడైన డిస్కు బయటపడింది.

ఇక బ్యాకప్. నేను ఎక్కువ సమయం పెట్టింది దీని మీదే. 2021లో కూకట్‌పల్లిలో అక్కావాళ్ళింట్లో ఒక పాత డెస్క్‌టాప్ మీద ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ పెట్టాను. మొదటి కాపీని డిస్కులో వేసి బస్సులో తీసుకెళ్ళాను. ఆ తర్వాత ప్రతి రాత్రీ మారిన భాగాలే వెళ్తాయి, మామూలు ఇంటర్నెట్ చాలు. రెండు నెలలు బ్యాకప్ అయిందని చూపే పచ్చ గుర్తులే చూస్తూ నిశ్చింతగా ఉన్నాను. ఒక ఆదివారం రిస్టోర్ చేసి, అంటే బ్యాకప్ నుంచి మెషిన్‌ను తిరిగి తెచ్చి చూస్తే విండోస్ వచ్చింది, ట్యాలీ డేటా లేదు. డేటా ఉన్న రెండో వర్చువల్ డిస్కుకు బ్యాకప్ టిక్కు లేదు. ఆ రోజు నుంచి మూడు నెలలకోసారి రిస్టోర్ చేసి, నిన్నటి చివరి బిల్లు నంబరు కనిపించేదాకా చూస్తాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగింది. షాపు కింది గదిలో బల్ల మీదున్న సర్వర్ మునిగిపోయింది. సింగ్ నగర్‌లోకి వెళ్ళడానికే దారి లేదు. ఆగస్టు నెల అమ్మకాల జీఎస్టీ రిటర్ను, జీఎస్టీఆర్-1కి గడువు 11వ తేదీ. ఎవరు మాకు ఎంత ఇవ్వాలో ఆ ట్యాలీలోనే ఉంది. బావకు ఫోన్ చేసి రిస్టోర్ మొదలుపెట్టమన్నాను. "బ్యాకప్ కనిపిస్తోంది, తెరుచుకోవట్లేదు. కీ ఏది?" అన్నాడు. బ్యాకప్‌ను ఎన్‌క్రిప్ట్ చేశాం, అంటే కీ లేకుండా ఎవరూ చదవలేరు. ఆ కీ ఉన్నది మునిగిన సర్వర్‌లో. అదృష్టం కొద్దీ ఆ కీని ప్రాక్స్‌మాక్స్ ఇచ్చే క్యూఆర్ కాగితంగా ప్రింట్ తీసి, పటమటలో మా ఇంటి బీరువాలో దాచాను. ఫొటో తీసి పంపాను.

4వ తేదీ మధ్యాహ్నం గవర్నర్‌పేటలో స్నేహితుడి ఆఫీసులో ముగ్గురం కూర్చుని కూకట్‌పల్లి డెస్క్‌టాప్‌లోని ట్యాలీ తెరిచాం. లైసెన్సు మళ్ళీ యాక్టివేట్ చేసుకున్నాం. నాన్నగారు ముందు అడిగింది బాకీల జాబితా. శనివారం రాత్రి కొట్టిన ఆఖరి బిల్లుతో సహా వచ్చింది. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

లోపాలు కూడా చెప్పాలి. మా ఊళ్ళో ప్రాక్స్‌మాక్స్‌ను చూసి పెట్టే మనిషి దొరకడం కష్టం, నేనే నేర్చుకోవాల్సి వచ్చింది. మీ దగ్గర లైనక్స్ కమాండ్లకు భయపడని మనిషి ఒక్కరూ లేకపోతే క్లౌడ్‌లో మెషిన్ అద్దెకు తీసుకోవడమే మంచిది. రోజంతా ఒకే తీరున నడిచే పనికి మాకు సొంత మెషినే చవక పడింది. మెయిలు, వెబ్‌సైటు మాత్రం ఎప్పుడూ బయటే ఉంచాం.

ఇప్పటి సర్వర్‌లో 64 జీబీ మెమరీ ఉంది, ఎంటర్‌ప్రైజ్ ఎస్‌ఎస్‌డీలు రెండు జతలున్నాయి. పెట్టింది రెండో అంతస్తులో. కీ కాగితం ఇంకో కాపీ అమ్మ బ్యాంకు లాకర్లో ఉంది.