మిక్మాక్ ప్రజల గురించి చదవాలంటే ఏ పుస్తకం మేలు?

కెనడా తూర్పు తీరంలోని నోవా స్కోషియా, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్, న్యూ బ్రన్స్‌విక్‌లో కొంత భాగం, క్విబెక్‌లోని గాస్పే, న్యూఫౌండ్‌లాండ్ – ఇదంతా అక్కడి ఆదివాసులైన మిక్మాక్ ప్రజల నేల. చదువుకోడానికి హాలిఫాక్స్ వెళ్లే మన పిల్లలు గది అద్దెకు తీసుకునేది కూడా ఆ నేల మీదే. ఈ జనం గురించి చదువుదామంటే పుస్తకాలకు లోటు లేదు. ముందు ఏది పట్టుకోవాలన్నదే చిక్కు.

కథలంటే ఇష్టమున్నవాళ్లకు ముందు కనబడేది సైలస్ రాండ్. బాప్టిస్టు మిషనరీ. దశాబ్దాల పాటు మిక్మాక్ వాళ్ల మధ్య తిరిగి, భాష నేర్చుకుని, నిఘంటువు తయారుచేసి, 87 కథలు రాసిపెట్టాడు. అవి ఆయన పోయాక 1894లో అచ్చయ్యాయి. వీరుడు గ్లూస్‌కాప్ కథలు చాలావరకు అందులోనివే. ఆ శ్రమను తక్కువ చేయలేం. కానీ మతం మార్పించడానికి వెళ్లిన మనిషి, ఎదుటివాళ్ల నమ్మకాలను ఎంత ఇష్టంగా విన్నా, తన చెవితోనే కదా వింటాడు! వాళ్ల ఆధ్యాత్మికత అర్థం కావాలంటే రాండ్ కన్నా రూత్ హోమ్స్ వైట్‌హెడ్ నయం. ఆవిడా మిక్మాక్ కాదు, నోవా స్కోషియా మ్యూజియంలో పనిచేసిన పరిశోధకురాలు. 1988లో పాత కథలను తిరిగి చెబుతూ ఆరు లోకాల సంగతి వివరించింది: నేల కింద ఒకటి, నీటి కింద ఒకటి, మనముండేది ఒకటి, ప్రేతలది ఒకటి, పైన ఒకటి, ఆకాశానికీ అవతల ఇంకొకటి. మనిషి ఎలుగుబంటి అయిపోవడం, ఎలుగుబంటి మనిషి కావడం ఎందుకంత మామూలో ఆ వివరణ చదివాకే తెలుస్తుంది. రాండ్‌ని ఆ తర్వాత తెరిస్తే చాలు.

హక్కుల సంగతికొస్తే అందరూ చెప్పే పేరు డేనియల్ పాల్. ఆయన మిక్మాక్ మనిషి. 1993లో వచ్చిన ఆయన చరిత్ర పుస్తకం పేరే 'మేం అనాగరికులం కాదు' అంటుంది. 1749లో నోవా స్కోషియా బ్రిటిష్ గవర్నర్ ఎడ్వర్డ్ కార్న్‌వాలిస్ మిక్మాక్ వాళ్ల తలకు పది గినీల (అప్పటి బ్రిటిష్ బంగారు నాణేల) వెల కట్టిన సంగతిని అంత గట్టిగా జనంలోకి తెచ్చింది ఆయనే. హాలిఫాక్స్ రైల్వే స్టేషన్ ఎదురుగా పార్కులో 1931 నుంచి నిలబడ్డ కార్న్‌వాలిస్ విగ్రహాన్ని 2018లో తీసేశారంటే, దాని వెనక పాల్ ఏళ్ల తరబడి చేసిన పోరు ఉంది. పుస్తకంలో కోపం దాచుకోడు. దాచుకోవాల్సిన పనీ లేదనుకోండి. కాకపోతే ప్రతి పేజీలోనూ వాదిస్తుంటాడు కాబట్టి కొత్త పాఠకుడికి పాత పత్రాల్లో ఉన్నది ఎక్కడ ఆగిందో, పాల్ సొంత వాదన ఎక్కడ మొదలైందో తేల్చుకోవడం కష్టం.

అందుకే నేనైతే దానికన్నా ముందు ఒక కోర్టు తీర్పు చదవమంటాను. 1993లో డోనల్డ్ మార్షల్ జూనియర్ 463 పౌన్ల పాముచేపలు పట్టి 787 డాలర్ల 10 సెంట్లకు అమ్మాడు. లైసెన్సు లేదని కేసు పెట్టారు. (చేయని హత్యకు అప్పటికే 11 ఏళ్లు జైల్లో గడిపి వచ్చిన మనిషి ఈయనే.) 1760–61లో బ్రిటిష్ వాళ్లతో చేసుకున్న ఒప్పందాల్లో మిక్మాక్ వాళ్లు సర్కారు వర్తక కేంద్రాల్లోనే సరుకు అమ్ముతామని మాటిచ్చారు. అమ్ముతామన్నారంటే, అమ్మేందుకు వేటాడే, చేపలు పట్టే హక్కు కూడా అందులో ఉన్నట్టే అని కెనడా సుప్రీంకోర్టు 1999 సెప్టెంబరు 17న తేల్చింది. అయితే ఆ హక్కు 'మితమైన జీవనోపాధి' వరకేనంది. ఎంతయితే మితం? ఆ గొడవ ఇంకా తెగలేదు. 2020లో అదే తేదీన సిపెక్నెకాటిక్ అనే మిక్మాక్ సముదాయం వాళ్లు సొంతంగా ఎండ్రరొయ్యల వేట మొదలుపెడితే రచ్చ రేగింది, ఎండ్రరొయ్యలు నిల్వచేసే ఒక కేంద్రం తగలబడింది. ఆ వార్తలు బుర్రకెక్కాలంటే తీర్పు చదవాల్సిందే. చట్టం చదవని వాళ్లకూ అర్థమయ్యేలానే రాశారు. పాల్ ఆ తర్వాత.

అసలు పోటీ మాత్రం ఇద్దరు మిక్మాక్ ఆడవాళ్ల మధ్య: రీటా జో, ఇసబెల్ నాక్‌వుడ్. ఇద్దరూ నోవా స్కోషియాలోని షుబెనకాడీలో 1930 నుంచి 1967 దాకా నడిచిన రెసిడెన్షియల్ స్కూల్లో పెరిగినవాళ్లే. పిల్లల్ని ఇంటి నుంచి దూరం చేసి, సొంత భాష మాట్లాడితే దండించిన బడి అది. రీటా జో తల్లి లేని పిల్ల. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారుతూ విసిగిపోయి, పన్నెండేళ్లప్పుడు తనను ఆ బడిలో చేర్చుకోమని తానే ఉత్తరం రాసింది. ఆమె తొలి కవితల పుస్తకం 1978లో వచ్చింది. అందులో కొన్ని మిక్మాక్‌లోనూ ఉన్నాయి. నా మాట మీరు లాక్కున్నారు, మీలాగే మాట్లాడుతున్నాను, మీలాగే ఆలోచిస్తున్నాను, ఇప్పుడు నా మాట నన్ను వెతుక్కోనివ్వండి, నేనెవరో మీకు చెప్పాలి – ఆమెకు పేరు తెచ్చిన కవిత సారాంశం ఇది. తిట్టు లేదు. చేయి చాచి అడగడమే ఉంది. అందుకే తెల్లవాళ్ల బడి పుస్తకాల్లోకి సులువుగా ఎక్కింది. అదే నాకు కాస్త గుచ్చుకుంటుంది కూడా. చదివినవాళ్లు కళ్లు తుడుచుకుని హాయిగా లేచి వెళ్లిపోవచ్చు.

నాక్‌వుడ్ 1992 పుస్తకం అలా వెళ్లనివ్వదు. తన గోడు ఒక్కటే రాసుకోలేదు, తోటి విద్యార్థుల మాటలు పోగుచేసింది. మాట్లాడేవాళ్ల చేతిలో కర్ర ఉంటుంది, అది పట్టుకున్నంతసేపూ మిగతావాళ్లు వినాలి – ఆ మిక్మాక్ పద్ధతిలోనే పుస్తకం నడిపింది. బడికి ముందు ఇంట్లో బతుకు ఎలా ఉండేదో చెబుతుంది కాబట్టి సంస్కృతి, భాష, నమ్మకం ఏం పోయాయో వేరే పాఠం అక్కర్లేదు. వాక్యాలు రీటా జో అంత అందంగా ఉండవు, కొన్నిచోట్ల చెప్పిందే చెప్పినట్టు ఉంటుంది. అయినా ఒక్క పుస్తకమే చదివే తీరిక ఉంటే నా ఓటు దీనికే. కాలేజీకి వెళ్లే పిల్లలకు కానుక ఇవ్వాలంటే మాత్రం రీటా జో కవితలే ఇస్తాను. వాళ్లు అవైతే తెరుస్తారు.