సైంటిఫిక్ మ్యాచింగ్ ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు ఇది చదవండి

పెళ్లి సంబంధాలు చూస్తున్నవాళ్లకు ఒక హెచ్చరిక. జాతకాలు ఎందుకండీ, మేం డీఎన్‌ఏ, సైకాలజీ చూసి సరైన జోడీని లెక్కగట్టి చెప్తాం అనే మ్యాట్రిమోనీ ప్యాకేజీల జోలికి పోకండి. మా చెల్లి కోసం అలాంటిదానికి 18 వేలు కట్టాం. చాంతాడంత ప్రశ్నాపత్రం నింపించారు, బుగ్గ లోపలి నుంచి దూదిపుల్లతో శాంపిల్ తీసుకున్నారు. కొన్నాళ్లకు ఒక సంబంధం పంపారు, 92 శాతం కలిసిందని రంగురంగుల రిపోర్టుతో సహా. తీరా అబ్బాయి వాళ్లతో మాట్లాడితే అతను ఏ టెస్టూ రాయలేదట, శాంపిలూ ఇవ్వలేదట. వాళ్లు తీసుకుంది మామూలు ప్లాన్. మరి ఆ 92 ఎవరికి ఎవరితో కలిసినట్టు?

నిలదీస్తే కౌన్సెలరమ్మ స్విట్జర్లాండ్ పరిశోధన అంది. అది ఉన్న మాట నిజమే. అక్కడి జీవశాస్త్రవేత్త క్లౌస్ వెడెకిండ్ బృందం 1995లో మగవాళ్లు తొడిగి విప్పిన టీషర్టులను అమ్మాయిలకిచ్చి వాసన చూడమంది. రోగనిరోధక జన్యువులు తమకు భిన్నంగా ఉన్నవాళ్ల వాసనే వాళ్లకు ఎక్కువ నచ్చింది. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో మాత్రం ఫలితం తిరగబడింది! చొక్కా వాసనతో కాపురం సంగతి ఎలా తేల్చారో ఆవిడ చెప్పలేదు.

ప్రశ్నాపత్రాల సంగతీ అంతే. 2017లో సమంతా జోయెల్ అనే సైకాలజిస్టు బృందం స్పీడ్ డేటింగ్‌కు (ఒక్కొక్కరితో కొద్ది నిమిషాలు మాట్లాడి చూసుకునే కార్యక్రమం) వచ్చినవాళ్ల నుంచి ముందే వందకు పైగా వివరాలు తీసుకుని కంప్యూటర్‌తో లెక్కలు వేయించింది. ఎవరు ఎక్కువమందికి నచ్చుతారో కొంతవరకు తెలిసింది. ఫలానా ఇద్దరికీ ప్రత్యేకంగా కుదురుతుందా అంటే మాత్రం తేల్చలేకపోయింది. "శాస్త్రీయంగా నిరూపితమైన" మ్యాచింగ్ అని ఈహార్మనీ అనే డేటింగ్ వెబ్‌సైట్ లండన్ మెట్రోలో వేసిన ప్రకటనను 2018లో బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ తప్పుబట్టి ఆపించింది.

సైన్స్ నిజంగా పనికొచ్చే పరీక్ష ఒకటుంది, ఈ ప్యాకేజీలో అదే లేదు: తలసీమియా పరీక్ష. ఇది తల్లిదండ్రుల నుంచి బిడ్డకు వచ్చే రక్తపు జబ్బు. ఇద్దరూ క్యారియర్లయితే (జబ్బు లేకున్నా దాని జన్యువు మోస్తున్నవాళ్లయితే) ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మేనరికాలు చేసుకునే ఇళ్లలో దీన్ని అసలు వదలకూడదు. హెచ్‌బీఏ2 (ఒక రకం హిమోగ్లోబిన్) కొలిచే రక్తపరీక్ష అని ల్యాబ్‌లో అడగండి, డాక్టరుకు చూపించుకోండి. దీనివల్ల ప్రేమ పుడుతుందని ఎవరూ అనరు, అదే దాని నిజాయితీ.

డబ్బు వెనక్కి అడిగితే ల్యాబ్ ఫీజు తిరిగివ్వం అన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. ఇప్పటికే శాంపిల్ ఇచ్చినవాళ్లుంటే, దాన్ని నాశనం చేశామని రాసిమ్మని గట్టిగా అడగండి. మాకైతే ఆ కాగితం ఇంకా ఇవ్వలేదు.