పెద్దక్షరాల తెలుగు బైబిలు: ఏడు నెలలు వాడాక రాస్తున్న రివ్యూ

నాన్నకి రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయ్యాక పాత బైబిలు చదవలేకపోతున్నారని క్రిస్మస్ ముందు గుంటూరులో ఒక క్రైస్తవ పుస్తకాల షాపులో ఇది తీసుకున్నాను. కొనాలనుకునేవాళ్ళకి ముందు పనికొచ్చే సంగతులు చెప్తాను.

అక్షరాలు నిజంగానే పెద్దవి, కందిబద్దంత ఉన్నాయి. సిరా నల్లగా, చెరగకుండా ఉంది, యేసు ప్రభువు మాటలు ఎర్ర సిరాతో వేశారు, పక్కన పుస్తకాల పేర్లతో మెట్లు కోసి ఉన్నాయి కాబట్టి 66 పుస్తకాల్లో ఏది కావాలన్నా వేలితో తడిమి తీయొచ్చు. బరువు మాత్రం చాలా ఎక్కువ. ఒళ్ళో పెట్టుకుంటే పావుగంటకి తొడలు లాగుతాయి, నాన్న దిండు మీద పెట్టుకుని చదువుతారు. కాగితం పల్చన, ట్యూబ్‌లైట్ కింద వెనక పేజీ అక్షరాలు కనిపిస్తాయి. అట్టకున్న జిప్ రెండో నెలకే పట్టేసింది. భాష పాతదే, మనం చిన్నప్పటి నుంచి గుళ్ళో విన్నదే. మా అమ్మాయికి ‘ఏబది’ అంటే యాభై అని చెప్పాల్సి వచ్చింది.

ఇక్కడితో ఆపేస్తే ఇది మామూలు రివ్యూ. కానీ ఈ పుస్తకం మా ఇంట్లో చేసిన పని చెప్పకుండా దీనికి మార్కులు వేయలేను.

జనవరిలో ఒకరోజు కళ్ళలో చుక్కలు వేసుకుని ఉండటంతో, సాయంత్రం కుటుంబ ప్రార్థనలో నన్ను చదవమన్నారు నాన్న. ఆయన వరసలో చదువుకుంటూ వస్తారు, ఆ రోజు యెహోషువ 7వ అధ్యాయం. యెరికో పట్టణం గెలిచాక, దేవుడు ముట్టుకోవద్దన్న దోపుడుసొమ్ములో ఆకాను అనే ఇశ్రాయేలువాడు కొంత దాచుకోవడం, దాని వల్ల తర్వాత హాయి అనే చిన్న ఊరి ముందు ఇశ్రాయేలువాళ్ళు ఓడిపోయి 36 మంది చనిపోవడం. ఆదివారం బడి నుంచీ తెలిసిన కథే. పెద్దక్షరాల పుస్తకంలో పేజీకి కాసిని వాక్యాలే పడతాయి, గబగబా దాటిపోవడానికి ఉండదు. ఒక మంచి షీనారు పైవస్త్రము, రెండువందల తులముల వెండి, ఏబది తులముల యెత్తుగల ఒక బంగారు కమ్మి. తర్వాత, ‘అదిగో నా డేరామధ్య అవి భూమిలో దాచబడియున్నవి’. అక్కడ నా గొంతు ఆగిపోయింది. నాన్న “ఏరా, మంచినీళ్ళు కావాలా?” అన్నారు. అవునని చెప్పి లేచి వెళ్ళాను.

నా డేరాలోనూ బంగారం ఉంది. మా అమ్మ పోయేముందు తన నాలుగు కాసుల నానుతాడు చెల్లికి ఇమ్మని నా చేతికిచ్చింది. అప్పట్లో ప్లాటు వాయిదాలు మీద పడి ఉన్నాయి, మూడు నెలల్లో విడిపించేద్దామని తాకట్టు పెట్టాను, విడిపించలేక అమ్మేశాను. చెల్లి అడిగితే, ఆస్పత్రి ఖర్చులకి అమ్మే అమ్మేయమందని చెప్పాను. నాన్నకీ అదే చెప్పాను. తాకట్టు రసీదు ఇన్సూరెన్స్ కాగితాల ఫైలులో అడుగున పెట్టి మూడేళ్ళు అలాగే ఉంచాను.

ఆ మూడేళ్ళూ నేను గుడి మానలేదు. మాది లూథరన్ సంఘం, 1842లో మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చినప్పటి నుంచీ నడుస్తున్న మిషన్. మా ఆరాధనలో ప్రతి ఆదివారం అందరం కలిసి పాపపు ఒప్పుకోలు చెప్తాం. నేనూ చెప్పాను, గట్టిగానే చెప్పాను. నలుగురితో కలిసి చెప్తున్నప్పుడు ఎవరి పాపం ఏదో ఎవరికీ తెలియదు కదా, దాంట్లో దాక్కోవడం చాలా తేలిక. రాత్రిపూట ఒంటరిగా కూడా ప్రార్థన చేసుకున్నాను. మన పాపములను మనము ఒప్పుకొనినయెడల ఆయన క్షమిస్తాడని 1 యోహాను 1:9లో ఉంది కదా, దేవుడికి చెప్పేశాను, అయిపోయింది అనుకున్నాను. ఆ వాక్యం నిజమే, దాని మీదే నా ప్రాణం ఉంది. కానీ నేను దాన్ని చెల్లికి నిజం చెప్పకుండా తప్పించుకోవడానికి వాడుకున్నాను. అర్పణ బలిపీఠం దగ్గర వదిలేసి ముందు నీ సహోదరుడితో సమాధానపడమని ప్రభువు చెప్పిన మాట మత్తయి 5లో ఎర్రక్షరాలతోనే ఉంది, అది మాత్రం నాకు గుర్తు రాలేదు.

దాచిన పాపం ఊరికే కూర్చోదు, ఇది అనుభవం మీద చెప్తున్నాను. చెల్లి ఫోన్ చేస్తే ఎత్తడం తగ్గించాను. మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కి భోజనాల వేళకి వెళ్ళి అక్షింతలు వేసి వచ్చేశాను. వాళ్ళకి లేదా ఏంటి, బావ జీతం బాగానే ఉందిగా అని మనసులో లెక్కలు వేసుకుని, ఆ తర్వాత అసలు చెల్లిదే తప్పన్నట్టు మా ఆవిడ దగ్గర మాట్లాడటం మొదలుపెట్టాను. 32వ కీర్తనలో దావీదు ‘నేను మౌనినై యుండగా’ తన ఎముకలు క్షీణించాయంటాడు. అది కవిత్వం అనుకునేవాణ్ణి. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి ఆ ఫైలు గుర్తొస్తే తెలుస్తుంది అది ఎంత నిజమో.

ఆ అధ్యాయాన్ని తర్వాత నేనొక్కణ్ణే మళ్ళీ మళ్ళీ చదివాను. ఆకానుని ఒక్కసారిగా పట్టుకోలేదు. ముందు గోత్రాలవారీగా పిలిచారు, తర్వాత వంశాలు, తర్వాత కుటుంబాలు, చివరికి ఒక్కొక్క మనిషి. పొద్దున్నే మొదలైన ఆ వరస తన మీదికి దగ్గరవుతుంటే చూస్తూ నిలబడ్డాడు గానీ నోరు తెరవలేదు. దొరికాక ఒప్పుకున్నాడు. వాళ్ళ నాయకుడు యెహోషువ అతన్ని అప్పుడు కూడా ‘నా కుమారుడా’ అని పిలవడం నన్ను చాలా ఏడిపించింది. లూకా సువార్తలో యేసు ప్రభువు ఇంటికి వెళ్ళిన పన్నులు వసూలు చేసే జక్కయ్య అలా కాదు. ఎవరూ లెక్క అడగకముందే నిలబడి, అన్యాయంగా తీసుకున్నదేమైనా ఉంటే నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ఇలా తప్పు ఒప్పుకుని మారడానికి మన తెలుగులో ‘మారుమనస్సు’ అని ఎంత మంచి మాట పెట్టారో! కన్నీళ్ళు పెట్టుకుంటే సరిపోయేదైతే నేను ఆ మూడేళ్ళలో చాలాసార్లు మారిపోయి ఉండాలి.

గుడ్ ఫ్రైడేకి రెండు వారాల ముందు రసీదు జేబులో పెట్టుకుని చీరాల వెళ్ళాను. చెల్లి వసారాలో చేట పెట్టుకుని చింతచిగురు బాగుచేస్తోంది. కూర్చోకుండానే చెప్పేశాను, కూర్చుంటే చెప్పలేనని. చేటలో దాని చేతులు ఆగిపోయాయి. తిడుతుంది అనుకున్నాను, బావని పిలుస్తుంది అనుకున్నాను. చాలాసేపు చిగురు వంక చూస్తూ ఉండి, “నానుతాడు పోతే పోయింది అన్నయ్యా. అమ్మ వెళ్ళేటప్పుడు నన్ను తలుచుకోలేదేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ” అంది.

నేను బంగారం కాజేశానని మాత్రమే అనుకున్నాను. మా అమ్మ ప్రేమ దానికి అందకుండా మూడేళ్ళు అడ్డుపెట్టానని నాకు ఆ నిమిషం దాకా తెలియదు. ఆసుపత్రి మంచం మీద అమ్మ ఏమందో మొత్తం చెప్పమంది. నానుతాడు నా చేతిలో పెట్టి వేళ్ళు మూసి, ‘దాని మెడలో నువ్వే వేయాలి’ అన్న మాట కూడా చెప్పాను. ఇద్దరం ఏడ్చాం. బావ వచ్చాక ఆయన ముందు కూడా ఒప్పుకున్నాను. ఆయన ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు, దాన్లో ఆయన తప్పేమీ లేదు.

అప్పుడు నాకొచ్చిన డబ్బు లెక్కన కాకుండా తూకం లెక్కన తిరిగి ఇస్తున్నాను. ఇప్పటి రేటుకి నాలుగు కాసులు ఒక్కసారి కొనడం నా వల్ల కాదు, ఇప్పటికి కాసున్నర అయింది. చీరాల నుంచి వచ్చిన రాత్రే నాన్నకీ చెప్పాను. “ఆ రోజు నువ్వు మంచినీళ్ళకి లేచినప్పుడే ఏదో ఉందనుకున్నాను. నా అంతట నేను అడిగితే నువ్వు చెప్పినట్టు అవదు కదా” అన్నారు. తర్వాత సామెతలు 28:13 తీసి చదవమన్నారు. ‘అతిక్రమములను దాచిపెట్టువాడు వర్ధిల్లడు, వాటిని ఒప్పుకొని విడిచిపెట్టువాడు కనికరము పొందును.’ ఈసారి ఆగకుండా చదివాను. ఆ ఆదివారం గుళ్ళో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గర మోకాళ్ళూనితే, రొట్టె చేతిలో పడ్డప్పుడు భయం వేయలేదు. ఎన్నాళ్ళకో.

మీ దగ్గర కూడా ఇలాంటి రసీదు ఏదైనా ఉంటే, ఈస్టర్ ముందొచ్చే శ్రమ దినాల దాకా ఆగొద్దు, ఈ వారమే వెళ్ళండి. చెప్పేముందు కాళ్ళు వణుకుతాయి, నాకూ వణికాయి.

పుస్తకానికి ఐదుకి నాలుగు. ఒకటి తగ్గించింది జిప్‌కీ, పల్చటి కాగితానికీ. షాపుకి వెళ్ళి తీసుకునేవాళ్ళు పేజీలు అతుక్కుని ఉన్నాయేమో అక్కడే తిప్పి చూసుకోండి, మాదాంట్లో యెషయాలో రెండు పేజీలు బ్లేడుతో విడదీయాల్సి వచ్చింది. చెల్లి కూడా ఒకటి కావాలంది, వాళ్ళ అత్తగారికి. ఈసారి జిప్ లేకుండా మామూలు అట్టది చూస్తున్నాను.