పెట్టె రాట్నం: ఏళ్లు వాడాక తేలిన సంగతులు

పెట్టె రాట్నం మంచిచెడ్డలు సగం కదురులో (నూలు పురెక్కి చుట్టుకునే సన్నటి ఇనుప పుల్ల), సగం ఏకులో (వడకడానికి చుట్టిన దూది వత్తి) ఉంటాయి. టేకు చెక్క, ఇత్తడి బందులు, పాలిషు చూసి ఎక్కువ డబ్బు పెట్టడం దండగ.

1930ల తొలినాళ్లలో ఎరవాడ జైల్లో గాంధీ దిద్దిన రూపమే ఇప్పటికీ నడుస్తోంది. పిడి ఉన్న పెద్ద చక్రం నుంచి ఒక తాడు చిన్న చక్రానికి, అక్కడి నుంచి సన్నటి తాడు కదురుకి. వేగం రెండు అంచెల్లో పెరుగుతుంది కాబట్టే ఇంత చిన్న పెట్టె సరిపోయింది. పుస్తకమంత సైజుదీ దొరుకుతుంది. ప్రయాణాలకు పర్వాలేదు గానీ, రోజూ వడికేవాళ్లు బ్రీఫ్‌కేసు సైజుదే తీసుకోండి. చిన్నది తేలిక కావడంతో తిప్పుతుంటే నేలమీద జరిగిపోతుంది.

కొట్లోనే కదురు ఊడదీసి అద్దం పలక మీద దొర్లించండి. మధ్యలో వెలుతురు కనిపించినా, మొన పైకీ కిందకీ ఊగినా అది వంకర కదురు. అలాంటిది వేగం అందుకోగానే దడదడలాడి, సన్న నూలుని తెంపేస్తుంది. కదురు నిటారుగా ఉన్నా నూలు పదేపదే మొన దగ్గరే తెగుతోందంటే అక్కడ గరుకు ఉన్నట్టు. 600 నంబరు ఎమరీ కాగితంతో రుద్దితే పోతుంది. కదురు ఆనేచోట కుట్టుమిషను నూనె ఒక్క చుక్క చాలు. ఎక్కువైతే మరక నూలుకి అంటుతుంది.

ఎక్కువ విసిగించేది తాడు. పురిపెట్టిన నూలు తాడు వానాకాలం తేమకి బిగుసుకుంటుంది, ఎండల్లో వదులై కప్పీ (కదురు మీద తాడు పట్టే చిన్న గాడి చక్రం) మీద జారుతుంది. చక్రం తిరుగుతున్నా కదురు మందగించిందంటే తాడే కారణం. చాలామంది గట్టిగా బిగించేస్తారు. దాంతో కదురు బరువెక్కి, ఆనేచోట్లు అరిగిపోతాయి. కొద్దిగా తేనెమైనం రాస్తే పట్టు దొరుకుతుంది. ముడి వేస్తే అది కప్పీ మీదుగా వెళ్లిన ప్రతిసారీ కదురు ఎగురుతుంది. రెండు కొసలనూ విప్పి, ఒకదానిలో ఒకటి పెనవేసి సన్నటి దారంతో కుట్టడం మేలు.

ఏకు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వదులుగా ఉండాలి. నొక్కి పట్టుకుంటే పోగు రాదు, వచ్చినా ఉండలు ఉండలుగా వస్తుంది. నూలు కదురు మొనకి ఏటవాలుగా ఉన్నంతసేపూ పురి ఎక్కుతుంది. చెయ్యి చాచినంత పోగు వచ్చాక ఆపి, చక్రాన్ని ఇంకాస్త తిప్పి పురి నింపండి. తర్వాత కొంచెం వెనక్కి తిప్పి, మొన మీది చుట్లు విప్పి, నూలుని కదురుకి అడ్డంగా తెచ్చి చుట్టండి. కొత్తవాళ్లు ఎగ్గొట్టేది ఈ వెనక్కి తిప్పడాన్నే. మొన దగ్గర చిక్కులన్నీ అందువల్లే. పురి సరిపోయిందో లేదో చూడాలంటే పోగుని వదులు చేయండి. తనంతట తాను మెలిపడితే సరే, మామూలుగా వేలాడితే పడుగుకి (నేతలో మగ్గం మీద నిలువుగా బిగించే దారాలు) పనికిరాదు.

బజారు ఏకులు పాలిథిన్ సంచిలో నలిగి గట్టిపడి వస్తాయి. అరగంట ఎండలో పెడితే కొంత విచ్చుకుంటాయి. దువ్విన దూదిని పలక మీద పరచి, సన్నటి పుల్లకి చుట్టి పుల్ల లాగేస్తే ఇంట్లోనే ఏకు తయారు. ఒక్కొక్కటి రెండు గ్రాములు మించకూడదు.

కౌంటు (నూలు ఎంత సన్నగా ఉందో చెప్పే లెక్క, అంకె పెరిగేకొద్దీ సన్నం) తెలియాలంటే 100 మీటర్ల నూలుని చిలపగా (వదులు చుట్లుగా) చుట్టి తూచండి. రెండు గ్రాములైతే దాదాపు 29.5 కౌంటు, ఒకటిన్నరైతే దాదాపు 39. వంటింటి కాటా ఒక గ్రాము వరకే చూపిస్తుంది కాబట్టి, దానిమీదైతే 500 మీటర్లు తూచి అయిదుతో భాగించండి. చిలపని నాలుగు చోట్ల వదులుగా కట్టి, చిటికెడు చాకలిసోడాతో అరగంట ఉడికిస్తే పురి కుదురుకుంటుంది. పడుగుకైతే ఆపైన గంజి తప్పదు.

20 నుంచి 40 కౌంటు వరకు పెట్టె రాట్నాన్ని మించింది లేదనే చెప్పాలి. అంతకన్నా సన్నగా తీయాలంటే చెయ్యి బాగా తిరిగి ఉండాలి, దూదీ దానికి తగ్గదే ఉండాలి. పొందూరులో వంద కౌంటు దాటిన నూలు వస్తోందంటే, వాలుగ చేప దవడతో దువ్విన కొండపత్తి, 24 ఆకుల రాట్నం, అక్కడి ఆడవాళ్ల వేళ్లు కలిస్తేనే. పెట్టె కొన్నంత మాత్రాన అది రాదు. విదేశాల్లో నూలు వడికేవాళ్ల గిల్డుల్లో ఉన్న మనవాళ్లు దీనిమీద పొడుగాటి గొర్రె ఉన్ని వడకబోతుంటారు. ఈ వేగానికి ఆ పోగు అతిగా పురెక్కి తాడులా గట్టిపడుతుంది. పష్మీనా లాంటి పొట్టి, మెత్తటి పోగులైతే బాగా వస్తాయి.

అదనంగా రెండు కదుళ్లు పెట్టెతోపాటే తీసుకోండి. తర్వాత విడిగా కొంటే కప్పీ మందం కలవక, తాడు గాడి తప్పుతుంది.